కాకి లెక్కల రీప్లేలు ఇక చాలు: స్టోరేజ్ పరీక్ష బృందాలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్, బెంగళూరు, పుణె ల్యాబుల్లో స్టోరేజ్ పెర్ఫార్మెన్స్ పరీక్షలు చేసే ఇంజినీర్లకూ, ఆ నివేదికల మీద సంతకాలు పెట్టే మేనేజర్లకూ నమస్కారం.

"కస్టమర్ వర్క్‌లోడ్‌ని ఉన్నదున్నట్టు రికార్డ్ చేసి, మా కొత్త బాక్సు మీద రీప్లే చేశాం." అంటే కస్టమర్ డిస్కులకి వెళ్లిన రీడ్లనీ రైట్లనీ నమోదు చేసి, వాటినే కొత్త స్టోరేజ్ పెట్టె మీద మళ్ళీ నడిపించారన్నమాట. మీరు పంపే నివేదికల్లో ఈ వాక్యం లేనిది అరుదు. కొనేవాళ్ల తరఫున వాటిని చదవడం నా పని. ఆ వాక్యం కింద రంగురంగుల గ్రాఫులుంటాయి, పాత బాక్సు కన్నా కొత్తది ఎన్ని రెట్లు మెరుగో చెప్పే అంకెలుంటాయి. రీప్లే నిజంగా రికార్డింగులాగే నడిచిందనడానికి ఆధారం మాత్రం ఉండదు. అడిగితే "టూల్ ఎర్రర్ ఏమీ ఇవ్వలేదు కదండీ" అంటారు. ఎర్రర్ రాకుండా తప్పు రీప్లే నడిచే దారులు ఎన్నున్నాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒక్కటే కాబట్టి ముందే చెప్పేస్తాను. రీప్లే నడుస్తున్నంతసేపూ అదే డిస్కు మీద మళ్ళీ ట్రేస్ (అంటే ఆ రికార్డింగే) పెట్టండి. మొదటి ట్రేస్‌నీ రెండో ట్రేస్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఆ పోలిక నివేదికకు జతచేయండి. అది లేకుండా రీప్లే అంకెలు ఎవరికీ చూపించకండి.

సంతకాలు పెట్టే మేనేజర్లలో ఈ సాధనాలు చేత్తో పట్టనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. లినక్స్ కెర్నెల్‌లో డిస్కుకి వెళ్లే రీడ్లూ రైట్లూ దాటే బ్లాక్ లేయర్ దగ్గర జరిగే ప్రతి కదలికనీ నమోదు చేసేది బ్లాక్‌ట్రేస్. 2006లో 2.6.17 కెర్నెల్‌తో వచ్చింది. రాసింది యెన్స్ ఆక్స్‌బో. ఆ రికార్డింగుని తిరిగి నడిపించగలిగే ఫియో కూడా ఆయనదే. తర్వాత 2019లో 5.1 కెర్నెల్‌లోకి వచ్చిన, రీడ్లూ రైట్లూ కెర్నెల్‌కి అప్పజెప్పే ఐఓ యూరింగ్ కూడా ఆయన చేతి పనే. బ్లాక్‌ట్రేస్, ఫియో రెండూ ఒకే ఇంటివి కాబట్టి ఒకదాని ఫైలు ఇంకోదానికి ఇస్తే చాలు, అంతా సరిగ్గా ఉంటుందని మనవాళ్ల ధీమా.

రికార్డింగులో ఒక్క లైను ఎలా ఉంటుందో చూడండి. బ్లాక్‌పార్స్ చదివి పెట్టే లైనుని మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

259,0   3   1187   0.004127315   2210   క్యూ   ఆర్   41943040 + 32   [మైఎస్‌క్యూఎల్‌డీ]

259,0 అంటే ఎన్‌వీఎంఈ డిస్కు (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) మేజర్, మైనర్ నంబర్లు, కెర్నెల్ ఆ డిస్కుని గుర్తుపట్టేది వాటితోనే. 3 అన్నది సీపీయూ. 1187 వరుస సంఖ్య. ట్రేస్ మొదలైన 4 మిల్లీసెకన్ల చిల్లరకి, 2210 నంబరు ప్రాసెస్ ఒక రీడ్‌ని క్యూలోకి పంపింది. ఎక్కడి నుంచి? 41943040వ సెక్టార్ నుంచి. సెక్టార్ అంటే 512 బైట్లు కాబట్టి సరిగ్గా 20 జీబీ గీత దగ్గర. ఎంత? 32 సెక్టార్లు, అంటే 16 కేబీ. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడే ఇన్నోడీబీ ఇంజిన్ పేజీ డిఫాల్ట్ సైజు అదే. ప్రాసెస్ పేరు చూడకుండానే ఇది ఏ డేటాబేసో ఊహించొచ్చు.

ఇదే రీడ్ కింద ఇంకా కొన్నిసార్లు కనిపిస్తుంది. రిక్వెస్ట్ దొరికినప్పుడు జీ, షెడ్యూలర్‌లో చేరినప్పుడు ఐ, డ్రైవర్‌కి అందినప్పుడు డీ, పూర్తయినప్పుడు సీ. డీ నుంచి సీ దాకా పట్టిన సమయం డిస్కుది. క్యూ నుంచి సీ దాకా పట్టినదే పైనున్న అప్లికేషన్ ఓపిక పట్టిన సమయం. రీప్లేకి ఫియో తీసుకునేది మాత్రం క్యూ లైన్లనే. ఇది గుర్తుంచుకోండి, కింద చాలాసార్లు అవసరపడుతుంది.

ఇప్పుడు అసలు కథల్లోకి వస్తాను. ఎవరి పేర్లూ రాయను.

ఒక నివేదికలో కొత్త బాక్సు రీప్లేని పూర్తి సమయానికి ముగించింది, లేటెన్సీ (ఒక్కో రీడ్‌కో రైట్‌కో పట్టిన సమయం) అద్భుతం, డిస్కు వినియోగం మాత్రం ఎప్పుడూ పది శాతం దాటలేదు. "చూశారా, ఎంత ఖాళీ మిగిలిందో" అని ఆ పేజీకి శీర్షిక. కస్టమర్ సర్వర్‌లో అదే సమయంలో డిస్కులు రొప్పుతున్నాయని ఆ కస్టమరే ఫిర్యాదు చేసి ఉన్నాడు! ట్రేస్ ఫోల్డర్ పంపమని అడిగితే వచ్చింది. బ్లాక్‌ట్రేస్ ఒక్కో సీపీయూకి ఒక్కో ఫైలు రాస్తుంది. చివర చుక్క సున్నా, చుక్క ఒకటి, చుక్క రెండు అంటూ వరసగా. ఫియోకి ఏం చేయాలో చెప్పే జాబ్ ఫైల్లో ఇచ్చింది చుక్క సున్నా ఒక్కటే. అంటే ఒక్క సీపీయూ మీద పుట్టిన ఐఓలు (రీడ్లు, రైట్లు) మాత్రమే రీప్లే అయ్యాయి. మిగతా కోర్ల నుంచి వచ్చినవి ఫోల్డర్‌లోనే పడి ఉన్నాయి. ఫియో నోరెత్తలేదు. ఎత్తదు కూడా, దాని కంటికి అది చక్కని ట్రేస్ ఫైలే.

చేయాల్సింది చిన్న పని. అన్ని ఫైళ్లనీ బ్లాక్‌పార్స్‌కి ఇచ్చి, మైనస్ డీ ఆప్షన్‌తో కాలక్రమంలో కలిపిన ఒకే బైనరీ ఫైలు తీసుకుని, దాన్ని ఫియోకి ఇవ్వాలి. ఫియో డాక్యుమెంటేషన్‌లోనే ఈ మాట రాసి ఉంది. పట్టుకోవడం ఇంకా చిన్న పని. బ్లాక్‌పార్స్ చివర్లో రీడ్లు ఎన్ని క్యూ అయ్యాయో, రైట్లు ఎన్నో మొత్తాలు వేసి చూపిస్తుంది. ఫియో కూడా చివర్లో ఎన్ని పంపిందో ఒక లైనులో చెబుతుంది. రెండు లైన్లూ ఒకసారి కళ్లతో చూసి ఉంటే ఆ శీర్షిక పుట్టేదే కాదు.

దీనికి తల్లకిందులుగా ఉన్నది ఇంకొకటి. రీప్లేలో రైట్లు సరిగ్గా రెట్టింపు. బాక్సు చతికిలబడింది, ల్యాబ్ వాళ్లు బాక్సుని తిట్టుకున్నారు. రికార్డ్ చేసిన సర్వర్‌లో డేటాబేస్ ఎల్‌వీఎం (అసలు డిస్కుల పైన ఊహా డిస్కులు కట్టే లినక్స్ పొర) వాల్యూమ్ మీద ఉంది. ఎందుకైనా మంచిదని ఎవరో వాల్యూమ్‌నీ, దాని కింద ఉన్న అసలు డిస్కునీ రెండింటినీ ట్రేస్ చేశారు. ఒకే రైట్ పైన ఒకసారి క్యూ అయింది, ఎల్‌వీఎం మ్యాపర్ దాన్ని కిందికి తోశాక డిస్కు దగ్గర మళ్ళీ క్యూ అయింది. మధ్యలో 'ఏ' అక్షరంతో వచ్చే రీమ్యాప్ లైను ఆ సంగతి చెబుతూనే ఉంది, కానీ ఫియో చదివేది క్యూ లైన్లనే కదా. పైగా రీప్లే రీడైరెక్ట్ ఆప్షన్ పెట్టారు. ఆ ఆప్షన్ పనే ఏ డిస్కుకి చెందిన ఐఓ అయినా సరే తీసుకెళ్లి చెప్పిన ఒక్క డిస్కు మీద పోయడం. ఒక్క రైట్ రెండు రైట్లయింది.

ఆ ట్రేస్‌ని తెరిచి వరసగా చూస్తే గుట్టు అక్కడే ఉంది. ప్రతి రైట్ పక్కనే అదే సైజుతో, మైక్రోసెకన్ల తేడాతో ఇంకో రైట్. రెండు సెక్టార్ నంబర్ల మధ్య తేడా ప్రతిసారీ 2048. ఎల్‌వీఎం తన డేటాని డిఫాల్టుగా 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతుంది, 1 ఎంబీ అంటే 2048 సెక్టార్లు. ఆ అంకె కనబడగానే ఇక వెతకాల్సింది లేదు. ట్రేస్ ఒక్క పొర దగ్గరే తీయండి. ఏ పొరో నివేదికలో రాయండి.

రీడైరెక్ట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అది పెట్టకపోతే ఫియో రికార్డింగులో ఉన్న మేజర్, మైనర్ నంబర్ల డిస్కు మీదే రీప్లే చేయబోతుంది. కస్టమర్ సర్వర్‌లో 8,16 అంటే డేటా డిస్కు కావచ్చు, మీ ల్యాబ్ సర్వర్‌లో అదే 8,16 పక్క టీమ్ వాళ్ల డిస్కు కావచ్చు. బ్లాక్‌ట్రేస్‌తో వచ్చే బీటీరీప్లే అయితే మీరు విడిగా అనుమతిస్తే తప్ప రైట్లు చేయదు. ఫియో అలా అడగదు. మౌంట్ అయి ఉన్నట్టు కనబడిన డిస్కు మీద రాయనంటుంది, అంతే. మౌంట్ కాని డిస్కులో ఎవరి ప్రాణాలు దాగున్నాయో దానికేం తెలుసు.

ఇక కాలం సంగతి. నా తగువులో సగం దీని గురించే, కాస్త ఓపిక పట్టండి.

ఫియో మామూలుగా రికార్డింగులోని టైమ్‌స్టాంపుల్ని గౌరవిస్తుంది. రెండు ఐఓల మధ్య అసలు ఎంత విరామం ఉందో అంత విరామం ఇస్తుంది. అలా నడిపితే గంట ట్రేస్ గంటే నడుస్తుంది, పాత డిస్కు మీదైనా కొత్త ఎస్‌ఎస్‌డీ మీదైనా. కాబట్టి సెకనుకి ఎన్ని ఐఓలు అన్న అంకె (ఐఓపీఎస్) రెండింటికీ ఒకటే రావాలి. వచ్చిందంటే బాక్సు వెనకబడలేదని మాత్రమే అర్థం. అయినా "రీప్లే ఐఓపీఎస్: పాత బాక్సుతో సమానం" అని నిరాశగా రాసిన నివేదికలు చూశాను. అది నిరాశపడాల్సిన విషయం కాదు, అసలు కొలవాల్సిన విషయమే కాదు. ఇక్కడ పోల్చదగినది లేటెన్సీ.

ఆ నిరాశ తట్టుకోలేని వాళ్లు ఏం చేస్తారంటే రీప్లే నో స్టాల్ ఆప్షన్ ఆన్ చేస్తారు. అప్పుడు ఫియో టైమ్‌స్టాంపుల్ని పక్కనపడేసి, వరస మాత్రం తప్పకుండా, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా తోసేస్తుంది. గంట ట్రేస్ కొద్ది నిమిషాల్లో ఖతం. అంకె ఆకాశాన్నంటుతుంది. దాని కింద కస్టమర్ పేరు. కస్టమర్ అప్లికేషన్ ఎప్పుడూ అలా ప్రవర్తించలేదు. ఇండెక్స్ పేజీ చదివి, అందులో ఏముందో చూశాకే తర్వాతి పేజీ అడుగుతుంది. ఏ ఐఓ ఏ ఐఓ కోసం ఆగిందో ట్రేస్‌లో ఎక్కడా ఉండదు. నో స్టాల్ అంకె బాక్సు గురించి ఏదో చెబుతుంది, కాదనను. కస్టమర్ గురించి ఏమీ చెప్పదు. ఆ పేజీలో కస్టమర్ పేరు తీసేయండి, నాకు అభ్యంతరం లేదు.

ఇంతకన్నా లోతైన గొయ్యి ఇంకోటి ఉంది. లినక్స్ మీద ఏమీ చెప్పకపోతే ఫియో వాడే ఐఓ ఇంజిన్ (ఐఓలని కెర్నెల్‌కి పంపే పద్ధతి) పీసింక్. ఒక ఐఓ పంపుతుంది, అది పూర్తయ్యేదాకా కూర్చుంటుంది, తర్వాత ఇంకోటి. ట్రేస్‌లో ఎంత లోతు క్యూ ఉందో చూసి ఫియో ఐఓ డెప్త్‌ని (ఒకేసారి ఎన్ని ఐఓలు పూర్తికాకుండా నడుస్తుండొచ్చో ఆ అంకెని) తనంతట తానే లెక్కగట్టుకుంటుంది, మరీ పిచ్చి అంకెలు రాకుండా 1024 దగ్గర ఆపుకుంటుంది కూడా. కానీ పీసింక్‌తో ఆ లెక్క దండగ. సింక్ ఇంజిన్‌కి డెప్త్ ఎంత ఇచ్చినా ఒకటే.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక లెక్క వేద్దాం. రికార్డింగులో ఒకే క్షణాన 32 రీడ్లు ఒక్కసారిగా వచ్చాయనుకోండి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కో రీడ్‌కి 100 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. పీసింక్ వాటిని ఒకదాని వెనక ఒకటి పంపుతుంది. చివరి రీడ్ వంతు వచ్చేసరికి 3.1 మిల్లీసెకన్లు గడిచిపోయాయి. అప్లికేషన్ అడిగిన క్షణం నుంచి లెక్కేస్తే దాని లేటెన్సీ 3.2 మిల్లీసెకన్లు. ఫియో నివేదికలో పడేదెంత? 100 మైక్రోసెకన్లు. ఎందుకంటే గడియారం మొదలయ్యేది ఐఓని పంపినప్పుడు. పంపాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందన్న సంగతి ఎక్కడా లెక్కలోకి రాదు. మీ 99వ పర్సంటైల్ గీత (వందలో 99 ఐఓలు ఎంత సమయంలోపు ముగిశాయో చెప్పేది) చదునుగా, అందంగా ఉంటుంది. పెర్ఫార్మెన్స్ నిపుణుడు గిల్ టెనే దీన్నే కోఆర్డినేటెడ్ ఒమిషన్ అన్నారు. ఆయన చెప్పింది ప్రధానంగా సర్వర్ల లోడ్ పరీక్షల గురించి, కానీ డిస్కులకూ అక్షరాలా అదే వర్తిస్తుంది.

తలకిందులైన సంగతి ఏమిటంటే ఈ తప్పు రీప్లేలో డిస్కుకి నిజంగానే హాయి. 32 రీడ్లు ఒక్కసారి మీద పడితే లోపలి చానెళ్ల దగ్గర తోపులాట జరిగేది, అది బయటపడేది. ఒక్కొక్కటిగా వస్తే తోపులాటే లేదు. బాక్సుకి ఏది కష్టమో దాన్నే పరీక్షలోంచి తీసేసి, పాసైందని సర్టిఫికెట్ ఇస్తున్నాం.

ఒకటి పూర్తికాకముందే ఇంకోటి పంపగలిగే లిబ్‌ఏఐఓ గానీ ఐఓ యూరింగ్ గానీ వాడండి. లిబ్‌ఏఐఓ అయితే డైరెక్ట్ ఐఓ (కెర్నెల్ క్యాష్‌ని దాటేసి నేరుగా డిస్కుకి వెళ్లడం) కూడా ఆన్ చేయాలి, లేదంటే అది పేరుకే ఎసింక్. ట్రేస్ రీప్లేలో డైరెక్ట్ ఐఓని తానే బలవంతంగా పెట్టే విషయంలో ఫియో ప్రవర్తన వెర్షన్ల మధ్య మారింది, కాబట్టి అదృష్టానికి వదిలేయకుండా జాబ్ ఫైల్లో రాసేయండి. ఆ తర్వాత కూడా రీప్లే ఎంతసేపు నడిచిందో చూడండి. గంట ట్రేస్ గంటా ఇరవై నిమిషాలు నడిచిందంటే ఎక్కడో వెనకబడుతోంది. అలా వెనకబడిన రీప్లే లేటెన్సీ అంకెలకి విలువ సున్నా.

ఒక్కోసారి రీప్లే అసలు కదలదు. సీపీయూ ఖాళీ, డిస్కు ఖాళీ, ఫియో మాత్రం బతికే ఉంటుంది. హ్యాంగ్ అయిందని చంపేసి మళ్ళీ మొదలుపెడితే అదే చోట మళ్ళీ ఆగుతుంది. ఇలాంటప్పుడు ట్రేస్‌లో ఆ చుట్టుపక్కల టైమ్‌స్టాంపులు చూడండి. వెనక రావాల్సిన లైను ముందు వచ్చి ఉంటే, చిన్న సంఖ్యలోంచి పెద్ద సంఖ్యని తీసివేయాల్సి వస్తుంది. రుణ సంఖ్యలు పట్టని 64 బిట్ల డబ్బాలో ఆ తీసివేత చేస్తే జవాబు మైనస్ ఒకటో రెండో రాదు, డబ్బా పట్టగలిగినంత పెద్ద సంఖ్య వస్తుంది. అన్ని నానోసెకన్లంటే సుమారు 584 ఏళ్లు. పాపం టూల్ చెప్పిన మాట విని నిద్రపోతోంది. ఇటీవలి వెర్షన్లలో దీనికి అడ్డుకట్ట వేశారు. మీ ల్యాబ్ సర్వర్ల మీద డిస్ట్రిబ్యూషన్‌తో పాటు వచ్చిన పాత ఫియోనే ఉంటే మాత్రం ఈ గోల మీకు తప్పదు. వెర్షన్ నంబరు నివేదికలో ఎందుకు అడుగుతానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

కొందరు కస్టమర్ ట్రేస్ దొరక్క బయట ఉచితంగా దొరికే వాటిని మార్చి వాడుతున్నారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కేంబ్రిడ్జ్ ట్రేసులంటే అందరికీ మోజు: 13 సర్వర్లు, 36 వాల్యూములు, ఒక వారం రోజుల ఐఓ. స్టోరేజ్ పరిశ్రమ సంఘం స్నియా వాళ్ల భాండాగారంలో ఉన్నాయి. అవి విండోస్ సర్వర్ల నుంచి తీసినవి, టైమ్‌స్టాంపులు 100 నానోసెకన్ల లెక్కలో ఉంటాయి. మైక్రోసెకన్లనుకుని స్క్రిప్ట్ రాస్తే వర్క్‌లోడ్ పది రెట్లు నెమ్మదిస్తుంది, ఏ డిస్కైనా హీరో అయిపోతుంది. పైగా అవి 2007 నాటివి. వాటితో 2020ల ఎన్‌వీఎంఈ డిస్కుని పరీక్షించి గొప్పలు పోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ట్రేస్‌లో లేనివాటి గురించీ చెప్పాలి. ఎత్తిన విస్తళ్లు లెక్కపెట్టి ఎంతమంది తిన్నారో చెప్పొచ్చు, ఏం తిన్నారో చెప్పలేం. బ్లాక్‌ట్రేస్‌దీ అదే పరిస్థితి. ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నవి ఉంటాయి, రాసిన డేటా ఉండదు. రీప్లేలో ఫియో తన దగ్గరున్న ర్యాండమ్ చెత్త రాస్తుంది. కంప్రెషన్, డీడూప్ (ఒకేలాంటి డేటాని ఒక్కసారే దాచడం) చేసే ఆల్ ఫ్లాష్ ఎర్రేల మీద ఇది పెద్ద తేడా. కస్టమర్ డేటా సగానికి నలిగేదైతే, రీప్లే డేటా అసలు నలగదు. అలాంటి బాక్సుకి మీ రీప్లే అన్యాయం చేస్తుంది. బఫర్ కంప్రెషన్, డీడూప్ శాతాలు చెప్పే ఆప్షన్లు ఫియోలో ఉన్నాయి, కస్టమర్ దగ్గర నిష్పత్తి కనుక్కుని పెట్టండి. బ్యాంకుల వాళ్లు ట్రేస్ ఇవ్వడానికి భయపడితే ఈ సంగతే చెప్పండి, ఖాతాదారుల డేటా అందులోకి రాదు. ప్రాసెస్ పేర్లు మాత్రం వస్తాయి, అది దాచకుండా చెప్పండి.

ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద రీప్లే చేయడం ఇంకో ఘనకార్యం. ఎప్పుడూ రాయని చోటు నుంచి రీడ్ అడిగితే డిస్కు ఫ్లాష్ దాకా వెళ్లనే వెళ్లదు, మ్యాపింగ్ టేబుల్ చూసి సున్నాలు చేతిలో పెడుతుంది. అది ఫ్లాష్ వేగం కాదు. స్నియా పరీక్ష ప్రమాణం ముందుగా మొత్తం సామర్థ్యానికి రెండింతలు వరసగా 128 కేబీ ముక్కల్లో రాయమని చెప్పింది ఇందుకే. రీప్లేకి ముందు కనీసం డిస్కు నిండా ఒకసారి రాశారా లేదా అన్నది నేను చూసే మొదటి విషయాల్లో ఒకటి.

కస్టమర్ వాల్యూమ్ పెద్దది, ల్యాబ్ డిస్కు చిన్నది అయినప్పుడు రీప్లే స్కేల్ వాడతారు. అది ఆఫ్‌సెట్లని భాగిస్తుంది, సైజుల్ని ముట్టుకోదు. నాలుగుతో భాగించారనుకోండి. 64 కేబీ చొప్పున వరసగా సాగే రైట్లు ఇప్పుడు 16 కేబీ దూరంలో మొదలవుతాయి, ఒకదాని మీద ఒకటి ముప్పావు భాగం ఎక్కి కూర్చుంటాయి. వరస రైట్లు కాస్తా తిరగరాతలయ్యాయి. క్యాష్ ఉన్న బాక్సుకి పండగే. పెద్ద డిస్కు దొరికేదాకా ఆగండి, లేదా ట్రేస్‌లో చిన్న భాగం తీసుకోండి.

రికార్డింగు దశలోనే పాడయ్యేవీ ఉన్నాయి. డ్రాప్ అయిన ఈవెంట్లు ఇన్ని అని బ్లాక్‌ట్రేస్ చివర్లో మొత్తుకుంటుంది, బఫర్లు పెంచమని సలహా కూడా ఇస్తుంది. డిఫాల్టుగా 512 కేబీవి నాలుగు. బిజీ ఎన్‌వీఎంఈకి అవి ఏ మూలకీ చాలవు. ట్రేస్ ఫైల్ని ట్రేస్ చేస్తున్న డిస్కు మీదే రాసేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల రికార్డింగులో బ్లాక్‌ట్రేస్ సొంత రైట్లే వర్క్‌లోడ్‌గా చేరతాయి. నెట్‌వర్క్ ద్వారా వేరే మెషీన్‌కి పంపే పద్ధతి అందులోనే ఉంది, వాడుకోండి.

పోలిక ఎలా చేయాలన్నదానికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. రీప్లేని రికార్డ్ చేసి, క్యూ లైన్లని క్యూ లైన్లతోనే పోల్చండి. డీ లైన్లతో పోలిస్తే మెర్జ్‌లూ స్ప్లిట్‌లూ (ఐఓలు కలిసిపోవడం, ముక్కలవడం) అడ్డొస్తాయి. రీడ్ల సంఖ్య, రైట్ల సంఖ్య, సైజుల పంపిణీ, సెకను సెకనుకి ఎన్ని వచ్చాయన్న గీత. ఆ గీతలు రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సగం నమ్మకం వచ్చినట్టే. బ్లాక్‌ట్రేస్‌తో వచ్చే బీటీటీ ఒక ఐఓకి తర్వాతి ఐఓకి మధ్య విరామాలు, క్యూ నుంచి సీ, డీ నుంచి సీ సమయాలు అన్నీ తీసి ఇస్తుంది. ఫ్లష్‌ల (క్యాష్‌లో ఉన్నది డిస్కులో పదిలం చేయమనే ఆజ్ఞల) సంఖ్య ప్రత్యేకంగా చూడండి. డేటాబేస్ కమిట్ దాని మీదే ఆగి ఉంటుంది. ఫ్లష్‌లు రాలిపోయిన రీప్లేలో రైట్ లేటెన్సీ అంత బాగుండటంలో వింతేమీ లేదు. పెద్ద సైజు ఐఓల లెక్కలో కొద్దిపాటి తేడా వస్తే పట్టించుకోను. సగం మాయమైతే పట్టించుకుంటాను.

మేనేజర్లకు ఒక మాట. మీ ఇంజినీర్లకి ఇదంతా తెలియదని కాదు. చాలామందికి నాకన్నా బాగా తెలుసు. శుక్రవారం సాయంత్రానికి ఒక్క అంకె కావాలని మీరు అడుగుతారు, వాళ్లు ఇస్తారు. రీప్లేని మళ్ళీ రికార్డ్ చేసి పోల్చడానికి ఒక రోజు అదనంగా పడుతుందని వాళ్లు అంటే, ఆ రోజు ఇవ్వండి. తప్పు అంకెతో ఆర్డరు తెచ్చుకుని, కస్టమర్ దగ్గర బాక్సు మొరాయించాక, అర్ధరాత్రి కాల్స్‌లో కూర్చునేది కూడా వాళ్లే.

ఫియో నిర్వాహకులకి కూడా ఒక విన్నపం ఉంది. రీప్లే ముగిశాక ట్రేస్ నిడివి ఎంత, రీప్లే నిడివి ఎంత, ఏ ఐఓ అయినా తన సమయానికి గరిష్ఠంగా ఎంత ఆలస్యంగా బయల్దేరింది, ఈ మూడూ ఒక్క లైనులో ముద్రిస్తే పైన చెప్పిన తగాదాల్లో సగం పుట్టవు. మన ఊళ్లలో రోజూ ఫియో వాడే తెలుగు ఇంజినీర్లు వేలల్లో ఉంటారు. సోర్స్ అందరికీ తెరిచే ఉంది. బ్లాక్‌ట్రేస్ చదివే ఫైలు మరీ పెద్దదేం కాదు, ఒక వారాంతంలో చదివేయొచ్చు. ఎవరైనా ఆ ప్యాచ్ పంపుతానంటే పరీక్షించడానికి నా దగ్గర రకరకాలుగా పాడైన ట్రేసులు బోలెడున్నాయి.

ఇకపై నా దగ్గరికి వచ్చే రీప్లే నివేదికతో పాటు జాబ్ ఫైలు, ఫియో వెర్షన్, ట్రేస్ ఏ పొర దగ్గర తీశారో ఒక వాక్యం, రెండు ట్రేసుల పోలిక జతచేయండి. లేకపోతే ఆ నివేదికలో రీప్లే పేజీలు వదిలేసి మిగతావే చదువుతాను. కొనేవాళ్లకి కూడా అదే చెబుతాను.

ఇట్లు,
మీ నివేదికలు చివరి పేజీ దాకా చదివే ఒక స్టోరేజ్ ఇంజినీరు,
హైదరాబాద్